చేపలరేవు వీధిలో జ్వరాలు

తెరుపు 34వ సంవత్సరం, ఆశ్వయుజం. సోమవారం

ఉదయం వచ్చిన సరుకు: బియ్యం పన్నెండు కిలోలు, కందిపప్పు రెండు, చింతపండు అరకిలో, కవ్వచేపలు ఒక తట్ట. పోటు పదింటికి వచ్చింది. పోటుకి మా వీధి నీటితోపాటు అడుగున్నర పైకి లేస్తుంది. ఆ వేళకు పొయ్యి మీద మరిగే గిన్నె ఉండకూడదని నా నియమం. వీధి కింద తేలే పీపాల్లో ఒకటి కిర్రుమంటోంది. పడవల లోవరాజుకి చెప్పాను. చూస్తానన్నాడు. పోయిన నెల కూడా చూస్తాననే అన్నాడు.

భోజనాలయ్యాక గోడ మీది తెర దానంతటదే వెలిగింది. దేశాన్ని ఏలే పక్షం ప్రకటన.

"చేపలరేవు ఉమ్మడి వంటశాల స్థలం పార్సిల్ విమానాలు దిగే వేదికకు కేటాయించబడుతుంది. పౌర్ణమినాటి వీధి సభలో ఈ ప్రతిపాదన ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది."

చేపలు శుభ్రం చేసే నూకాలు కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా అడిగింది. "ఏటంతాది అమ్మా ఆ గోడ?"

"వంటశాల తీసేస్తారట."

"అయితే తువ్వాళ్లు తడపాల్సిందే," అంది నూకాలు. కవ్వ తోక ఒకటి కోసి పక్కన పడేసింది.

ఈ వంటశాల తెరుపుకి ముందుది. అప్పుడు మన దేశపు రేవులన్నీ మూసి ఉండేవి. కిరోసిను చాలక, ఒక్కో వీధికి ఒకే పొయ్యి అని పక్షం ఆదేశించింది. నేను అప్పుడు ఈ వీధి బడిలో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రాలు ఇక్కడ సరుకు తూచేదాన్ని. తెరుపు వచ్చింది, రేవుల్లోకి పరాయి ఓడలొచ్చాయి, ఇంటింటికీ పొయ్యి వచ్చింది, ఆకాశం నుంచి వేడివేడిగా దిగే భోజనం వచ్చింది. మిగతా వీధుల్లో వంటశాలలు వాటంతటవే మూతబడ్డాయి. మాది మూతబడలేదు. పొయ్యి ఉన్నవాళ్లు కూడా మధ్యాహ్నం కంచం పట్టుకుని ఇక్కడికే వస్తున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బల్లల మీద కంచాలు పెట్టే చప్పుడు విన్నప్పుడు మాత్రం నాకు తెలిసినట్టే ఉంటుంది.

మంగళవారం

వంటశాల దినచర్య రాయడం నిర్వాహకురాలి పని. నా తర్వాత రాసేవారు, రాసేవారంటూ ఉంటే, చిన్నవాళ్లు కావచ్చు. తువ్వాళ్ల సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను.

మన దేశంలో వీధి సభలో ఎవరూ "కాదు" అనరు. అనకూడదని చట్టం లేదు, అనే అలవాటు లేదు. కార్యదర్శి ప్రతిపాదన చదివి, "అందరికీ సమ్మతమేనా?" అంటాడు. చేతులు లేస్తాయి. నచ్చనివాళ్లకు ఆ రోజు జ్వరం వస్తుంది. జ్వరం వచ్చిన ఇంటివాళ్లు గుమ్మం ముందు తాడు మీద తడి తువ్వాలు ఆరేస్తారు. సభకు ముందు కార్యదర్శి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడుస్తాడు. గాలి పీల్చుకోవడానికి వచ్చినట్టే నడుస్తాడు, తువ్వాళ్ల వంక చూసినట్టే ఉండదు. నాలుగైదు ఉంటే సభ జరుగుతుంది. మూడోవంతు వీధికి జ్వరమైతే మాత్రం "ప్రజారోగ్యం దృష్ట్యా వాయిదా" అని ప్రకటన వస్తుంది. ఆ ప్రతిపాదన ఊసు మళ్లీ ఎవరూ ఎత్తరు. మర్నాడు కార్యదర్శి సంచీ నిండా బత్తాయిలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడుగుతాడు. "తగ్గిందండీ," అంటారు. బత్తాయిలు తీసుకుంటారు. ఇంతే. ఇన్నేళ్లూ ఈ దేశం ఇలాగే నడిచింది.

పడవల గట్టు మూసేసి అక్కడ సంచుల గోదాము కడతామన్న ఏడాది వీధి వీధంతా తువ్వాళ్లే. గాలికి అవన్నీ ఒకేసారి లేచి పడుతుంటే పండగ తోరణాల్లా ఉండేవి. గట్టు ఇప్పటికీ ఉంది, గోదాము రేవు అవతలి చివర కట్టుకున్నారు.

నేను ఏనాడూ తువ్వాలు ఆరేయలేదు. లేని జ్వరం ఉందనడం నాకు చేతకాదు. మా ఆయన గవరయ్యకు చేతనయ్యేది. ఆయన పెద్దపడవ ఇంజను చూసేవారు. పక్షం వాళ్లు జీతాల వేళలు మార్చినా, పాటల పెట్టె గొంతు పెంచినా ఆయనకు ఒళ్లు వెచ్చబడేది. జ్వరమన్న రోజు నేను ఆయనకు బార్లీ జావ తప్ప ఏమీ పెట్టేదాన్ని కాదు.

"నాకు నిజంగా లేదని నీకు తెలుసు కదా పోలమాంబా?" అనేవారు. పక్కింట్లో చేపల పులుసు వాసన వస్తుండేది.

"తువ్వాలు ఆరేసిందెవరు? వీధికి జ్వరమైతే ఇంట్లోనూ జ్వరమే."

ఆయన జావ తాగి, మంచం మీద పడుకుని, పైకప్పు వంక చూస్తూ పాత పడవపాట ఒకటి కూనిరాగం తీసేవారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి పాడే పాట అది. సభకు ముందు వీధిలో నడిచే కార్యదర్శికి వినబడుతుందేమోనని నేను కిటికీ మూసేదాన్ని. అప్పటి భయం సంగతి వదిలేస్తే, ఆ మధ్యాహ్నాలు మంచివి.

గురువారం

కంకణాల సంగతి నూకాలుకి ఇవాళ అర్థమైంది. నాకు పొద్దున్నే అర్థమైంది.

నా మనవరాలు తరళ నా దగ్గరే ఉంటుంది. ఆరోగ్య కంకణాల కంపెనీకి ఈ రేవులో ఏజెంటు. కంకణం చేతికి పెట్టుకుంటే ఒంటి వేడి, నాడి, నిద్ర అన్నీ పట్టుకుంటుంది. పెట్టుకోమని పక్షం ఎవరినీ బలవంతం చేయలేదు. పెట్టుకున్నవారికి కరెంటు చవక, మందులు చవక, పడవ టిక్కెట్టు సగం. ఏడాది తిరక్కుండా వీధి వీధంతా పెట్టుకుంది. నాకూ పెట్టింది తరళ. కంటిలో శుక్లం కోయించుకున్నప్పుడు రాత్రంతా పక్కన కూర్చోకుండానే నా నాడి చూసుకోగలిగిందని దాని సంతోషం. నేను ఆ సంతోషాన్ని కాదనను. తెరుపుకి ముందు మా అమ్మ ఇలాంటి శుక్లాలతోనే చూపు పోగొట్టుకుని చనిపోయింది.

పొద్దున తెర మీద రెండో ప్రకటన వచ్చింది. ఇకనుంచి సభ హాజరును కంకణాలే చెబుతాయట. ఆరోగ్యంగా ఉండీ రానివారు వచ్చినట్టే, సమ్మతించినట్టే.

"అంటే ఏటి?" అంది నూకాలు.

"జ్వరం ఉందంటే చాలదు, ఉండాలి," అన్నాను.

నూకాలు పొయ్యి దగ్గర పావుగంట కూర్చుని, నెత్తిన దుప్పటి కప్పుకుని, మంట వేడిని ఒంటికి పట్టించుకుంది. కంకణం ముప్పైఆరూ పాయింట్ తొమ్మిది చూపించింది, మామూలు వేడే. వెంటనే దానికి ఫ్యాన్ల దుకాణం నుంచి కబురొచ్చింది, మీకు ఉక్కగా ఉన్నట్టుంది, ఈ వారం ధరలు తగ్గాయని.

"దీని దుంప తెగ. నాకేటి కావాలో నాకన్నా దీనికే బాగా తెలుసు," అంది నూకాలు.

లోవరాజు మరో దారి పట్టాడు. కంకణం తీసి వేడి చారు గిన్నెలో ముంచాడు. అది ఎనభై దాటి చూపించేసరికి అయిదు నిమిషాల్లో అంబులెన్సు పడవ కూత పెట్టుకుంటూ గట్టుకి వచ్చింది. ఇద్దరు మనుషులు మంచం పట్టుకుని దిగి, "పేషెంటేడీ?" అన్నారు. లోవరాజు చేతిలో ముక్క నంజుకుంటూ నిలబడి ఉన్నాడు.

"చారులో ఉన్నాడండీ," అంది నూకాలు.

అందరూ నవ్వారు. తరళ నవ్వలేదు. దాని ముఖం పాలిపోయింది. కంకణాన్ని మోసం చేస్తే ఏజెన్సీ పోతుందట. ఆ చారు నేను పారబోయించాను. ఒక పూట చారు లేదు.

శనివారం

వార్డు కార్యదర్శి కూర్మారావు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చిన్నప్పుడు ఈ బల్లల మీదే తిన్నాడు, నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు. పదమూడో ఎక్కం దగ్గర ఎప్పుడూ తప్పేవాడు. ఇప్పుడు కోటు వేసుకుంటాడు. పక్షం గుర్తు, పార్సిల్ కంపెనీ గుర్తు పక్కపక్కనే పెట్టుకుంటాడు. కంచం తానే కడుక్కున్నాడు. అది ఇక్కడి నియమం, పెద్ద పదవికి మినహాయింపు లేదు.

"టీచరుగారూ, పౌర్ణమి సభకి మీరు రావాలి," అన్నాడు.

"రాకపోయినా వచ్చినట్టే కదా."

అతను నేల చూపులు చూశాడు. "ఆ మాట నాదికాదండీ. పైనుంచి వచ్చింది. వేదిక వస్తే వీధికి అరవై ఉద్యోగాలంటున్నారు. పిల్లలకి మంచిదే కదండీ."

"మంచిదే. ఆ వేదిక గోదాము కప్పు మీద కట్టొచ్చు కదా? ఖాళీగా పడి ఉంది."

"కంపెనీవాళ్లు మ్యాపు చూసి ఈ గడి మీద వేలు పెట్టారు. ఈ గడిలో మనుషులు తింటారని మ్యాపులో ఉండదు."

"నువ్వు చెప్పావా?"

"నేను పైకి చెప్పేదేమీ ఉండదండీ. తువ్వాళ్లు చెప్పేవి. ఎన్ని ఉన్నాయో చూసి రాసి పంపేవాణ్ణి, వాళ్లకి అర్థమయ్యేది. ఎవరి మీదా మాట పడేది కాదు." గొంతు తగ్గించాడు. "నిజం చెప్పమంటారా? ఆ బత్తాయిలు పట్టుకుని తిరిగే రోజులంటే నాకిష్టం. ఒక్కో ఇంట్లో కాఫీ ఇచ్చేవారు. ఇప్పుడు నాకే జ్వరం తెచ్చుకోవాలని ఉంది. కార్యదర్శికి రాకూడదు."

నాకూ ఆ రోజులంటే ఇష్టమే. అది పైకి అనలేదు. పదమూడు ఏడులెంత అని అడిగాను.

"తొంభై ఒకటి," అన్నాడు వెంటనే.

ఆదివారం

ఉపాయం తరళ చెప్పింది. నిన్నటిదాకా ఏజెన్సీ పోతుందని ఏడ్చిన పిల్ల ఇవాళ పులుసు వడ్డిస్తూ మామూలుగా అంది. "నాచుజ్వరం టీకా వేసుకుంటే మర్నాడంతా నిజం జ్వరమే కదా అమ్మమ్మా. పక్క వీధి మందుల షాపులో దొరుకుతోంది. టీకా మంచిదే, వేసుకోమని పక్షమే చెబుతోంది. కంకణాన్ని ఎవరూ మోసం చేసినట్టు కాదు."

బల్లల దగ్గర అందరూ తలలు తిప్పి దాని వంక చూశారు.

"ఓలమ్మో," అంది నూకాలు. "ఈ గుంటకి ఎంత బుర్రుంది! జొరాన్ని కొనుక్కోడమేటి!"

"కొనుక్కునేదే కదా ఈ రోజుల్లో అన్నీ," అన్నాడు లోవరాజు. "సలవ కొంతన్నాం, ఎండ కొంతన్నాం. జొరం కూడా కొందాం."

నేను ఆలోచించాను. జ్వరం నిజమే అయితే అబద్ధం లేదు. నాకు అభ్యంతరం కనబడలేదు. బుధవారం సాయంత్రానికి అందరూ టీకా వేయించుకోవాలని నిర్ణయమైంది. నేనూ వేయించుకుంటానన్నాను. తరళ నా కంకణం వంక చూసి తల అడ్డంగా ఊపింది.

"డెబ్బై దాటినవాళ్లకి వెయ్యరు అమ్మమ్మా. గుండెకి మంచిది కాదు."

అంటే పౌర్ణమినాడు వీధి మొత్తంలో జ్వరం రానిదాన్ని నేనొక్కదాన్నే.

"మంచిదే కదమ్మా," అంది నూకాలు. "మాకందరికీ జావ కాసీవాళ్లుండాల."

గురువారం, పౌర్ణమి

బార్లీ ఆరు కిలోలు. రెండు గుండిగల జావ. నిమ్మకాయలు ఇంకా ఉంటే బాగుండేది.

ఉదయం నుంచీ ఇంటింటికీ తిరిగాను. ఇలాంటి జ్వరాలను ఈ వీధి ఎన్నడూ చూడలేదు. పాతకాలంలో తువ్వాలు వెనుక మనుషులు చతుర్ముఖ పారాయణం చేసుకునేవారు, పేక ముక్కల చప్పుడు వీధిలోకి వినబడేది. ఇవాళ అందరూ దుప్పట్ల కింద వణుకుతున్నారు. లోవరాజు పళ్లు టకటకమంటున్నాయి. "నిజం జొరం ఇలగుంటాదేటి టీచరమ్మా," అన్నాడు. "ముప్పయ్యేళ్లు నానేటి నటించినానో మరి." తరళ తలను నా ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డ వేశాను. నూకాలు మంచంలో నుంచే జావ పల్చగా ఉందని కసిరింది. గుమ్మాల ముందు తువ్వాళ్లు గాలికి లేస్తున్నాయి. ఆ గట్టు ఏడాది కనబడిన బారు మళ్లీ కనబడింది. గవరయ్య ఉండి ఉంటే నా వంక చూసి కన్ను గీటేవారు.

కూర్మారావు మూడింటికి వీధి వెంట నడిచాడు. ఎప్పటిలా గాలి పీల్చుకున్నట్టు కాదు, ప్రతి తువ్వాలు ముందూ ఆగాడు. ముఖంలో వెలుగు.

నాలుగింటికి అన్ని కంకణాలూ ఒక్కసారి మోగాయి.

"చేపలరేవు వాసులు త్వరగా కోలుకోవాలని పక్షం కోరుకుంటోంది. అస్వస్థులకు ఇబ్బంది కలగకుండా సభలో మంచం మీద నుంచే పాల్గొనవచ్చు. అరగంట మౌనంగా ఉంటే సమ్మతంగా గ్రహించబడుతుంది. జ్వరం మాత్రల మీద ఈరోజు తగ్గింపు."

నూకాలు లేవబోయి పడిపోయింది. "నాను సెప్తాను, నాను నోరిప్పి సెప్తాను," అంది. దాని నాలుక మడతపడుతోంది, కళ్లు మూసుకుపోతున్నాయి. దుప్పటి కప్పాను. అరగంటలో ఎవరు మాట్లాడతారు? మాట్లాడగలిగినదాన్ని నేనే. ఇన్నేళ్లలో సభలో నేను పలికిన మాటల్లా ఒక్కటే, "సమ్మతమే". ఎప్పుడూ మూడో వరుసలో కూర్చునేదాన్ని.

గుండిగలు దించి, పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని సభ జరిగే హాలుకి వెళ్లాను.

హాల్లో కూర్మారావు ఒక్కడే. తెర మీద పార్సిల్ కంపెనీ ప్రతినిధి నవ్వుతూ ఉన్నాడు. ఎక్కడో చలిదేశంలో, మెడకు ఉన్ని గుడ్డతో. కూర్మారావు ప్రతిపాదన చదివాడు. ఖాళీ బెంచీల వంక చూసి అడిగాడు.

"అందరికీ సమ్మతమేనా?"

"కాదు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. తెర మీది మనిషి చప్పట్లు కొట్టాడు. అతనికి మా మాట ఆలస్యంగా అందుతుంది.

కూర్మారావు గబగబా లేచాడు. "టీచరుగారికి ఒంట్లో నలతగా ఉన్నట్టుంది," అన్నాడు తెర వైపు. అది నా మీద దయతో అన్నమాటే. పాత మర్యాద అది. నేను ఆ తలుపులోంచి బయటకు వెళ్లిపోవచ్చు, రేపు బత్తాయిలు కూడా రావచ్చు. కానీ వంటశాల ఉండదు.

చెయ్యి చాచి కంకణం చూపించాను. ముప్పైఆరూ పాయింట్ ఆరు. నాడి కొంచెం ఎక్కువ.

"నాకు జ్వరం లేదు కూర్మారావూ. బాగానే ఉన్నాను. బాగుండే చెబుతున్నాను. వేదిక గోదాము మీద కట్టుకోండి. వంటశాల తీయడం నాకు సమ్మతం కాదు."

అతను సమ్మతి నమోదు చేసే యంత్రం వంక చూశాడు. "దీనికి మీట లేదండీ," అన్నాడు, నిజంగా వెతికి.

"చేత్తో రాయి."

రాశాడు. చివరి అక్షరం దాకా నేను పక్కనే నిలబడ్డాను. ఈలోగా నా మాట అందినట్టుంది, తెర మీది మనిషి చప్పట్లాపేశాడు.

మంగళవారం

అయిదు రోజులుగా కబురు లేదు. వీధికి జ్వరం తగ్గింది. తగ్గినవాళ్లు తెగ తింటున్నారు. బియ్యం పద్దెనిమిది కిలోలకు పెరిగింది.

బత్తాయిలు రాలేదు. నలుగురైదుగురు వంటశాలకు రావడం మానేశారు. ఎదురింటావిడ నన్ను చూసి వాకిట్లోంచి లోపలికి వెళ్లింది. తరళ ఏజెన్సీని "పరిశీలనలో" పెట్టారట. అది నాతో రెండు పూటలు మాట్లాడలేదు.

మూడో పూట మాట్లాడింది. "నువ్వు తప్పు చేశావని కాదు అమ్మమ్మా. నాకు ముందు చెప్పాల్సింది."

"నీకు ముప్పైతొమ్మిదిన్నర జ్వరం."

"అయినా చెప్పాల్సింది."

దానికి పెరుగు కలిపి పెట్టాను, తింది.

నాకు పాత రోజులు బాగా గుర్తొస్తున్నాయి. తువ్వాలు చాటున ఎవరూ ఎవరికీ శత్రువు కాని రోజులు. అవతలివాడు నటిస్తున్నాడని ఇవతలివాడికి తెలిసీ పండు తెచ్చి ఇచ్చే రోజులు. మళ్లీ రావు. వాటిని ఆపింది పక్షమో, కంపెనీయో, నేనో సరిగ్గా విడదీసి చెప్పలేను.

శుక్రవారం

కూర్మారావు సరిగ్గా భోజనాల వేళకు వచ్చాడు. చేతిలో పై కార్యాలయం ఉత్తర్వు. అందరికీ వినబడేలా చదవమన్నాను.

"నిర్వాహకురాలు శ్రీమతి పోలమాంబ అస్వస్థత దృష్ట్యా, ప్రజారోగ్యాన్ని గమనంలో ఉంచుకుని, ప్రతిపాదన వాయిదా వేయబడింది. వంటశాల యథాతథంగా కొనసాగుతుంది. శ్రీమతి పోలమాంబ తన అస్వస్థతను ధ్రువీకరిస్తూ కింద సంతకం చేయవలెను."

అందరూ సంతోషంతో అరిచారు. లోవరాజు కంచం మీద గరిటెతో వాయించాడు. కూర్మారావు నా ముందు కాగితం పెట్టి, మెల్లిగా అన్నాడు. "ఇంతకన్నా వాళ్లు చెయ్యలేరు టీచరుగారూ. సంతకం పెట్టండి. నేను బత్తాయిలు కూడా తెచ్చాను, సంచీ బయటుంది."

"నాకు జ్వరం లేదు," అన్నాను.

"తెలుసండీ."

"వాళ్లకీ తెలుసు."

"తెలుసండీ. అందుకే అలా రాశారు."

కలం తీసుకోలేదు. పెడితే వంటశాల ఉంటుంది. పెట్టకపోతే ఏమవుతుందో కూర్మారావుకీ తెలియదు. నా ఒక్కదాని వంటశాల అయితే నాకు సందేహం లేదు, ఆ కాగితం తిప్పి పంపేదాన్ని. కానీ బల్లల దగ్గర కూర్చున్నది నేను కాదు. వీళ్లను ఎన్నడూ ఏదీ అడగలేదని అప్పుడు తోచింది. నియమాలన్నీ నేనే పెట్టాను, వీళ్లు కంచాలు కడుక్కున్నారు.

"మీరేమంటారు?" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పెట్టీయండి టీచరమ్మా," అన్నాడు లోవరాజు. "పేరు ఏదైతే ఏటి? ముసిలోణ్ణి, మజ్జాన్నం కూడు ఉంటే సాలు నాకు."

"నోరు ముయ్యి మావా," అంది నూకాలు, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "ఆరోజు మనకి నోరు లెగలేదు. ఈయమ్మ ఒక్కర్తీ ఎల్లి సెప్పింది. దాన్ని జొరం అని రాసీసుకుంతారా? ఇవాళ ఈయమ్మకి జొరం, రేపు నాను ఏదన్నా అంటే నాకు పిచ్చి అని రాస్తారు. నానైతే పెట్టొద్దంతాను."

"కూడు పోతే?"

"పోతే నీ పడవలో వండుతాం. నీ పడవకి సిల్లు లేకపోతే."

"నా పడవకి సిల్లేటి!"

గొడవ మొదలైంది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బల్ల గుద్దేవాళ్లు, లేచేవాళ్లు, కూర్చోమనేవాళ్లు. ఈ గదిలో అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. గరిటె కొట్టి ఆపి, చేతులెత్తమన్నాను, ముందు సంతకం పెట్టమనేవాళ్లు, తర్వాత వద్దనేవాళ్లు.

తరళ మొదటి దానికే ఎత్తింది. నా కళ్లలోకి సూటిగా చూస్తూ ఎత్తింది. "నాకు ఉద్యోగం కావాలి అమ్మమ్మా. నువ్వూ ఉండాలి, ఇదీ ఉండాలి. నేను నీకు వ్యతిరేకమే."

"చెయ్యి ఇంకా పైకెత్తు, కనబడట్లేదు," అన్నాను.

కూర్మారావు ఏ వైపూ ఎత్తలేదు. గోడకి ఆనుకుని నిలబడి, మొదట ఇటు లేచిన చేతుల్నీ, తర్వాత అటు లేచిన చేతుల్నీ చూస్తూ ఉండిపోయాడు. రెండోసారి కూడా చేతులు లేవడం అతను పుట్టాక చూడలేదు.

సంతకం పెట్టమన్నవారు ఇరవై నలుగురు. వద్దన్నవారు నాతో కలిపి పదమూడు మంది. మళ్లీ ఒకసారి లెక్కపెట్టాను. ఈ పుస్తకంలో ఏ సభ లెక్కైనా రెండు అంకెలతో రాయడం ఇదే మొదలు.

నేను ఓడిపోయాను. అస్వస్థురాలినని సంతకం పెట్టాను.

కూర్మారావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కంచం తీసుకుని వరుసలో నిలబడ్డాడు. నూకాలు ఇంకా కోపంగానే వడ్డించింది. లోవరాజుకి ముక్కలు తక్కువ వేసిందని అతనూ, సరిగ్గానే వేశానని అదీ మరో పేచీ పెట్టుకున్నారు. ఆ గొడవలో, నోట్లో ముద్ద పెట్టుకుని, లోవరాజు నా వైపు తిరిగాడు.

"ఏటనుకోకండి టీచరమ్మా. ఇలగ ఎప్పుడూ అన్లేదు గానీ, ఇవాళ అడిగారు కాబట్టి సెప్తన్నాను. మీ పులుసులో ఉప్పు సాలదు."

"ఇవాళా?"

"ఎప్పుడూ."

బల్లల దగ్గర ఎవరూ కాదనలేదు. కొందరు కంచాల్లోకి చూసుకున్నారు. తరళ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గరిటెతో కాస్త అరచేతిలో వేసుకుని రుచి చూశాను. నాకు సరిపోయినట్టే ఉంది.

రేపు చేతులెత్తించి చూడాలి.